పార్కింగ్ లాట్‌లో రెండో హాఫ్

రిఫరీ ఎర్ర కార్డు చూపించాక కోచ్ అన్నవాడు పిల్లల కంటికి కనిపించకూడదు, అతని మాట వాళ్ల చెవిన పడకూడదు. ఇక్కడ పిల్లల ఆటలకు అది రూలు. అందుకని ఆన్సెల్మో ఇప్పుడు స్కూలు జిమ్ వెనక పార్కింగ్ లాట్‌లో తన పాత కారులో కూర్చుని ఉన్నాడు. కిటికీ అద్దం మాత్రం అడుగంటా దించాడు. తన గొంతు అటు పోకూడదన్నారు గానీ అక్కడి గొంతులు ఇటు రాకూడదని ఎవరూ అనలేదు కదా. నవంబరు ఎండ, పేరుకే ఎండ, డాష్‌బోర్డు మీద పడి ఉంది. జిమ్ ఇటుక గోడ చుట్టూ తిరిగి, సగం అరిగిపోయి శబ్దాలు వస్తున్నాయి. బంతిని తన్నిన దెబ్బ ఒకటి. ఎవరో తల్లి చప్పట్లు. ఇప్పుడు ఈల. ఈల దేనికి, ఫౌలా, ఎవరిది, మన గోలు దగ్గరా, వాళ్ల గోలు దగ్గరా? పొట్టి ఈల, అంటే చిన్న ఫౌలే అయ్యుంటుంది, పెద్దదైతే ఆ రిఫరీ అమ్మాయి బుగ్గలు పూరించి మరీ ఊదుతుంది. ఒకటి-సున్నా. ఒకటి మనది. ఓడకపోతే చాలు, డ్రా అయినా పై డివిజన్‌కి వెళ్తారు. ఓడితే క్లబ్బు ఈ అమ్మాయిల టీమును ఎత్తేసి గ్రౌండు అబ్బాయిలకు ఇచ్చేస్తుంది. ఆ మాట కమిటీ ప్రెసిడెంటు, నెవార్క్‌లో చేపల కొట్టు ఉన్నాయన, భుజం మీద చెయ్యి వేసి మరీ చెప్పాడు. భుజం మీద చెయ్యి వేసి చెప్పే మాటలు ఆన్సెల్మోకి కొత్త కాదు. అరవై రెండేళ్లొచ్చాయి, టీము పోతే ఇక తనను పిలిచేవాడు ఉండడు. కానీ దానికన్నా ఆ పిల్లలు, ముఖ్యంగా వెనక నిలబడే ఆ నలుగురు, సరిగ్గా ఇప్పుడిప్పుడే, అబ్బ, ఇప్పుడే కదా వాళ్లకు ఆట ఒంటబడుతున్నది.

తప్పు నోటిది కాదు, కాళ్లది. నోరు తిట్టింది ఏమీ లేదు. రెండో హాఫ్ మొదలై ఇంకా చెమటైనా పట్టలేదు, వాళ్ల ఫార్వర్డ్, ఆ పసుపు హెడ్‌బ్యాండ్ పొడుగు పిల్ల, మన డిఫెండర్ల వీపు వెనక దాగుడుమూతలు ఆడుతోంది. అప్పుడు చెయ్యాల్సింది ఒక్కటే. నలుగురు డిఫెండర్లూ ఒకే క్షణంలో ముందుకు కదలాలి. కదిలితే వెనక మిగిలిపోయిన ఆ పిల్ల ఆఫ్‌సైడ్, బంతి అందినా చెల్లదు. ముగ్గురు కదిలి ఒకరు ఆగిపోతే కొంప మునిగినట్టే. ఆన్సెల్మో తన భాషలో "సోబ్" అని అరిచాడు, పైకి రమ్మని. నలుగురూ కదల్లేదు. ఆయన కాళ్లు కదిలాయి. కుడిచెయ్యి దానంతటది పైకి లేచింది, మోకాలి నొప్పి ఎటు పోయిందో పోయింది, గీత దాటి గ్రౌండు లోపలికి, నిన్న మొన్నటిదాకా ఆడినవాడిలా, డిఫెండర్ల వరసలో ఐదోవాడుగా పరుగెత్తుకుంటూ వెళ్లి నిలబడ్డాడు. మొదటి హాఫ్‌లో ఇదే పనికి పసుపు కార్డు చూపించింది. ఈసారి ఆ రిఫరీ అమ్మాయి దగ్గరకొచ్చి, కోపంగా కూడా కాదు, పెద్దాయనకు దారి చెప్పినట్టుగా, "సర్, మీరు ఆటలో లేరు" అంది. ఎర్ర కార్డు కన్నా ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది. ఇంటికెళ్తే భార్య గ్రాసా నవ్వుతుంది. ఇరవై ఏళ్ల నుంచి అంటూనే ఉంది, నువ్వు రిటైరయ్యావు గానీ నీ కాళ్లకు ఎవరూ చెప్పలేదని.

ఇప్పుడు బెంచీ దగ్గర శశికాంత్ ఉన్నాడు. హాసిని వాళ్ల నాన్న, సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, రెండు వీకెండ్‌ల కోర్సు చేసి కాగితం మీద అసిస్టెంట్ కోచ్ అయినవాడు. మంచివాడు. "యు రిలాక్స్ కోచ్, నేను మేనేజ్ చేస్తాను" అన్నాడు గానీ ఆ మాట అంటుంటే పెదవులు తడారిపోయాయి. అతనికి నీళ్ల సీసాలు నింపడం వచ్చు, చప్పట్లు కొట్టడం వచ్చు, గుడ్ జాబ్ గర్ల్స్ అనడం వచ్చు. మన వాళ్లు గోలు తిన్నా గుడ్ జాబే అంటాడు. అంటే ఇక గ్రౌండులో చెప్పేవాళ్లెవరూ లేరు. మధ్యలో నిలబడిన హాసినే చెప్పాలి, వరసను కదిపేది మధ్యలో ఉన్న డిఫెండరే. ఆ పిల్ల నోరు విప్పదు. అదీ సమస్య.

పక్కన ఆగి ఉన్న వాన్ తలుపు జరిగిన చప్పుడైంది. నేత చీర మీద మందపాటి జాకెట్, కాళ్లకు స్పోర్ట్స్ షూస్, తలకు మఫ్లర్. హాసిని నానమ్మ, రాజేశ్వరమ్మ. వాన్ గుమ్మంలో కూర్చుని కాళ్లు కిందికి వేలాడేసింది. ఆవిడది సగం తెలుగు, సగం ఇంగ్లీషు. ఆయనది సగం పోర్చుగీసు, సగం ఇంగ్లీషు. మధ్యలో ఉన్న ఇంగ్లీషు దగ్గర ఇద్దరూ కలుసుకుంటూ ఉంటారు.

"మిమ్మల్ని వాళ్లు పంపించారు. నన్ను నేనే పంపించుకున్నాను" అంది.

ఎందుకని అడిగితే చెప్పింది. విజయవాడ సత్యనారాయణపురంలో రేడియో రోజుల నుంచీ ఉన్న సంగతే ఇది. తను వచ్చి కూర్చుంటే మన వికెట్టు పడుతుంది. వంటింట్లోకి వెళ్తే ఫోరు కొడతారు. ఒక ఫైనల్ మ్యాచ్ మొత్తం ఆవిడ పెరట్లో అంట్ల దగ్గరే కూర్చుంటే గెలిచారట. ఆవిడ భర్తే, ఇప్పుడు లేని మనిషి, కాఫీ గ్లాసు తెచ్చి పెరట్లో ఇచ్చి, ఇంకో అరగంట లోపలికి రాకే తల్లీ అని బతిమాలాడట. "ఇవాళ మొదటి హాఫ్‌లో రెండుసార్లు బంతి మన గోల్‌పోస్ట్‌కి తగిలింది. రెండుసార్లూ నేను చూస్తున్నాను. ఇంక నాకు ధైర్యం చాల్లేదండీ. నేనిక్కడే ఉంటా, వాళ్లు క్షేమంగా ఆడుకుంటారు" అంది.

ఆన్సెల్మో నవ్వలేదు. బంతాట ఆడినవాడికి ఇవి అర్థం కాకపోవడం అంటూ ఉండదు. జెఫెరీనో పొరపాటున ఎడమ బూటు ముందు తొడుక్కుంటే బస్సు ఆపించి రెండూ విప్పి మళ్లీ తొడుక్కునేవాడు. జెఫెరీనో, తనకన్నా పదిహేనేళ్లు పెద్ద, సొంతూరు పెనిష్‌లో తనకు పక్కన ఆడిన పాతకాపు, ముక్కు రెండు చోట్ల విరిగిన మనిషి. పద్దెనిమిదేళ్లప్పుడు మొదటి మ్యాచ్ అయ్యాక బట్టల గదిలో గడ్డం పట్టుకుని మాట్లాడు అన్నాడు. ఏం మాట్లాడను అని అడిగాడు తను, స్పష్టంగా, గంటలా. అయితే ఇవాళ నువ్వు ఆడలేదు, అని గడ్డం వదిలేశాడు ముసలాడు. మ్యాచ్ అయ్యేసరికి డిఫెండర్ గొంతు పోవాలి, కాళ్లలో సత్తువ మిగిలినా ఫరవాలేదు, గొంతులో మిగలకూడదు. తర్వాత ఎన్నేళ్లు ఆ గడ్డం పరీక్ష. గెలిచామా ఓడామా అని కాదు, మాట వస్తోందా రావడం లేదా అని.

చింతపండు వాసన. రాజేశ్వరమ్మ స్టీలు డబ్బా మూత తీసి, కాగితం ప్లేటులో పులిహోర పెట్టి, ప్లాస్టిక్ చెంచా గుచ్చి కిటికీలోంచి అందించింది. తినండి బాబూ, ఖాళీ కడుపుతో టెన్షన్ ఎక్కువవుతుంది, అంది. ఆ పులుపు ముక్కుకి తగలగానే ఎక్కడిదో ఉప్పునీటి వాసన లేచింది, చేపల ఫ్యాక్టరీ, రేవు పక్కన రేకుల షెడ్డు, సార్డీను పడవ వచ్చిందని సైరన్ మోగితే పొయ్యి మీద ఉన్నది పొయ్యి మీదే వదిలేసి పరుగెత్తే ఆడవాళ్లు, వాళ్లలో అమ్మ, చేతులనిండా పొలుసులు, మోకాళ్లదాకా రబ్బరు బూట్లు. బల్ల చివర నిలబడేది అమ్మ. మిషన్ల రొదలో పక్కమనిషి మాట పక్కమనిషికి వినిపించేది కాదు. చేపల పెట్టె ఒక్కరు ఎత్తితే ఒరిగిపోతుంది, వరసలో అందరూ ఒకేసారి ఎత్తాలి. అమ్మ ఒక్క కేక పెట్టేది. అంతే, వరసంతా ఒక్కసారిగా లేచేది. తలుపు దగ్గర నిలబడి చూసేవాడు తను, నాలుగేళ్లో ఐదేళ్లో, ఆ లేవడం చూడటానికే వెళ్లేవాడు. ఇన్నేళ్లూ ఆఫ్‌సైడ్ వరస జెఫెరీనో దగ్గర నేర్చుకున్నానని అందరికీ చెప్పుకుంటూ తిరిగాడే, అబద్ధం కాకపోయినా, దానికన్నా ముందు ఆ షెడ్డు ఉంది కదా.

చప్పట్లు. మన వైపువే, శశికాంత్ చప్పట్లు లెక్కలోకి రావు గానీ మిగతావి మనవే. రాజేశ్వరమ్మ డబ్బా మూత పట్టుకుని అలాగే ఆగిపోయింది. మంచిదేనా, అంది కళ్లతో. మంచిదే అన్నట్టు చెయ్యి ఊపాడు. పులిహోర బాగుంది. పల్లీలు పంటికింద పడుతుంటే లిస్బన్ రాత్రి గుర్తొచ్చింది, స్టేడియం బయట లూపిన్ గింజలు అమ్మే ముసలమ్మ, ఆ పెద్ద ఫార్వర్డ్, పేరు చెబితే ఇప్పటికీ టాక్సీవాళ్లు లేచి నిలబడే మనిషి. తొంభై నిమిషాలూ అతని చొక్కా వాసన వచ్చేంత దగ్గరలో ఉన్నాడు ఆన్సెల్మో. ఒక్క గోలు వెయ్యనివ్వలేదు. సున్నా-సున్నా. మర్నాడు పేపర్లో ఫోటో పడింది, ఆ ఫార్వర్డ్‌ది. అంచులో ఒక భుజం. ఎవరిదో రాయలేదు. ఆ కాగితం గ్రాసా ఇప్పటికీ ఫ్రిజ్‌కి అతికించి ఉంచింది. ఇంటికొచ్చినవాళ్లు ఫార్వర్డ్‌ని గుర్తుపట్టి ఆహా అంటే, భుజం నాది అంటాడు. ఇందులో ఏడవాల్సింది ఏమీ లేదు. గోలు వేసినవాడికి ఫోటో ఉంటుంది. గోలు పడకుండా చూసినవాడికి ఏం ఉంటుంది, ఏమీ జరగలేదన్న సంగతి ఉంటుంది, అంతే. అది అర్థమైనవాళ్లే వెనక నిలబడతారు.

హాసినికి అర్థమైంది. పదకొండేళ్లప్పుడే. మొదట్లో ఈ అమ్మాయిల టీము అప్పగించినప్పుడు ముఖం మాడ్చుకున్నాడు ఆన్సెల్మో, ఒప్పుకోవాలి. రెండువేల ఒకటిలో నెవార్క్ వాళ్లు పిలిచింది మగవాళ్ల జట్టుకి. వారమంతా కజిన్‌తో కలిసి బాత్‌రూములకు టైల్స్ అతికించి, ఆదివారం కోచ్ కోటు వేసుకునేవాడు. అంతకుముందు సొంత దేశంలో మూడు క్లబ్బులు పీకేశాయి. సీజను మధ్యలో కోచ్‌ని పీకేయడాన్ని అక్కడ మనసుకు కొరడాదెబ్బ అంటారు. దెబ్బ ఆటగాళ్ల మనసుకట, వాత తేలేది మాత్రం కోచ్ వీపు మీద. ఒక క్లబ్బు ఫోన్‌లో చెప్పింది. ఒక ప్రెసిడెంటు పెట్రోలు బంకులో కనిపించి, టాంకు నిండేలోపు చెప్పేశాడు. మూడోది ప్రాక్టీసుకి కారులో వెళ్తుంటే రేడియోలో విన్నాడు, తన చోట వేరేవాడు వచ్చాడని. వాళ్లందరి మీదా కోపం ఉండాలి, ఎప్పుడో ఉండేది కూడా, ఎక్కడ పోయిందో. సముద్రం దాటొచ్చాక నెవార్క్ జట్టూ కరిగిపోయింది, కుర్రాళ్లు పెళ్లిళ్లు చేసుకుని దూరం ఊళ్లకు వెళ్లిపోయారు. అప్పుడు దగ్గర్లోని ఐసెలిన్ ఊరి వైపు పిల్లలతో టీము అన్నారు. సరే, ఇదీ చూద్దాం అని, ఏడుపుముఖంతో వెళ్లిన మొదటి రోజు, అందరు పిల్లలూ బంతి చుట్టూ బెల్లం చుట్టూ చీమల్లా మూగి ఉంటే, ఒక్క పిల్ల మాత్రం దూరంగా ఏమీ లేని చోట నిలబడి ఉంది. పడుకోబోతున్న దానిలా. ఆడవేమమ్మా అని అడగబోయాడు. బంతి గుంపులోంచి ఎగిరి సరిగ్గా ఆ ఏమీ లేని చోటికి వచ్చి పడింది. ఇంటికొచ్చి గ్రాసాకి చెప్పాడు, దొరికింది అని. ఏం దొరికింది అంది. ఇంకో భుజం, అన్నాడు.

అన్నీ ఉన్నాయి ఆ పిల్లకు, గొంతు తప్ప. నాలుగేళ్లుగా అడుగుతున్నాడు, బతిమాలాడు, కోప్పడ్డాడు. అందరూ నీకన్నా ముందున్నారు, వాళ్లకు కనిపించనిది నీకు కనిపిస్తోంది, చెప్పకపోతే వాళ్లకెలా తెలుస్తుంది? ఒకసారి బూటు లేసు ముడేసుకుంటూ నేలకేసి చూస్తూ చెప్పింది. "కోచ్, వాళ్లు నా ఫ్రెండ్స్. ఐ కాంట్ బాస్ దెమ్." అది విని ఆన్సెల్మోకి ఆ రోజు నిద్ర పట్టలేదు. ఆ సౌమ్యత ఆ పిల్లలో మంచిగుణమే, దాన్ని విరగ్గొట్టమని ఎలా చెప్పడం.

పొద్దున వాళ్లింటికి వెళ్లాడు, వాన్ వెనక తన కారు పోనివ్వడానికి. డిఫెండర్లు నలుగురూ ప్రతి మ్యాచ్‌కీ అక్కణ్ణుంచే బయల్దేరతారు. బ్రెజిల్ పిల్ల, గ్వాటెమాల పిల్ల, ఎర్రజుట్టు ఐరిష్ పిల్ల, హాసిని, హాల్లో కార్పెట్ మీద చతికిలబడి ఫోన్లు చూసుకుంటూ, ఒక్కో సాక్సు తొడుక్కోవడానికి యుగం తీసుకుంటూ. శశికాంత్ కమాన్ గర్ల్స్ అన్నాడు, ఒక్కరూ తలెత్తలేదు. అప్పుడు వంటింట్లోంచి ఈవిడ ఏదో ఒక్క మాట అంది, గట్టిగా కూడా కాదు, బారుగా. నలుగురూ ఒక్కసారి లేచారు. ఒకే క్షణంలో, నాలుగు సంచులు నాలుగు భుజాల మీదికి. గుమ్మం దగ్గర నిలబడి అది చూసి, ఈ లేవడం గ్రౌండులో ఉంటే చాలు కదా దేవుడా అనుకున్నాడు.

అవతలి వైపు నుంచి రొద. గో, గో, గో. మగగొంతులు, తండ్రులు. ఇటు గోడ మీద పడి పెద్దదవుతోంది. ఆన్సెల్మో ప్లేటు పక్క సీటులో పెట్టాడు. ఇది తెలుసు, ఈ రొద తెలుసు, బంతి మధ్యలోంచి వస్తోంది, వాళ్ల నంబరు ఎనిమిది తలెత్తి చూస్తోంది, పసుపు హెడ్‌బ్యాండ్ పిల్ల మన వీపుల వెనక దాక్కుని ఉంది, ఇంకో రెండు అడుగులు వేశాక బంతి వదులుతుంది, ఆ వదిలే లోపల, ఇప్పుడు, ఇప్పుడే చెప్పాలి ఎవరో ఒకరు. మాట గొంతుదాకా వచ్చింది. ఇక్కణ్ణుంచి అరిస్తే వినిపిస్తుంది, ఈ గొంతు అట్లాంటిది, రేవు గొంతు. వినిపిస్తే రిఫరీ మ్యాచ్ ఆపేస్తుంది, ఓడినట్టే రాస్తుంది. సర్, మీరు ఆటలో లేరు. అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. గట్టిగా, పళ్లు అరచేతికి గుచ్చుకునేలా. చెప్పు తల్లీ. ఏ మాటైనా సరే, ఏ భాషైనా సరే. వాళ్లు నీ ఫ్రెండ్సే, అందుకే చెప్పు.

"పదండీ..."

సన్నగా మొదలై బారుగా సాగి గోడ దాటి వచ్చింది. ఆ మాట ఆయనకు తెలియదు, కానీ పొద్దున విన్నాడు. ఆ క్షణంలో గోడ లేదు. నాలుగు జతల బూట్లు ఒకేసారి గడ్డి మీద కదలడం ఆయనకు కనిపించింది, చేపల షెడ్డులో వరసంతా లేచినట్టు లేచి ముందుకు వచ్చారు, వెనక ఆ పొడుగు పిల్ల ఒక్కతే మిగిలిపోయింది. కుడిచెయ్యి దానంతటది పైకి లేచి కారు టాపుకి ఠపీమని కొట్టుకుంది. నొప్పి తెలిసేలోపే ఈల వినబడింది. పెద్ద ఈల, బుగ్గలు పూరించి ఊదింది. దాని వెంట అవతలి తండ్రుల మూలుగు.

రాజేశ్వరమ్మ వాన్ దిగి నిలబడింది. "అది నా మాట" అంది. "నా మాటేనండీ అది. రోజూ నేనే కదా వీళ్లని ఇంట్లోంచి తోలేది. స్కూల్‌కి లేటవుతున్నా అదే, గుడికెళ్లాలన్నా అదే." కళ్లు తుడుచుకుంది మఫ్లర్ కొసతో. "మన హాసినేనా అంత గట్టిగా అరిచింది?"

"అర్థం ఏమిటి?" అని అడిగాడు చెయ్యి రుద్దుకుంటూ.

"కదలండి అని. అందరూ కలిసి. నేనూ వస్తున్నాను అని కూడా ఉంటుంది అందులో."

బాస్ చెయ్యడం కాదన్నమాట. నేనూ వస్తున్నాను. తను అరిచే మాటలో అది లేదు, "సోబ్" అంటే నువ్వు పైకి పో అని మాత్రమే. నాలుగేళ్లు ఆ పిల్లకు అడ్డుపడింది అదేనేమో. కాకపోవచ్చు కూడా, ముసలాడి ఊహలు. మళ్లీ వచ్చింది, పదండీ. కాసేపాగి మళ్లీ. ఈసారి వెనకే ఇంకో గొంతు, బ్రెజిల్ పిల్లది, అదే మాట వంకరగా. ఈల, మళ్లీ ఆట. ఎండ డాష్‌బోర్డు దిగి సీటు మీదికి వచ్చింది. రెండిళ్ల మధ్య గోడకు చెవులు ఆనించినట్టు ఇద్దరూ జిమ్ వైపు ఒరిగి వింటున్నారు. ఆ గొంతు ప్రతిసారీ కొంచెం చిరుగుతోంది. పదండీ. దీ. చివరికి గాలి మాత్రమే వస్తోంది, అయినా అటు బూట్లు కదులుతూనే ఉన్నాయని ఆయనకు తెలుసు. మూడు ఈలలు, వరసగా. అయిపోయింది.

కేకలు లేచాయి. ఎవరివో తెలియడం లేదు, గోడ అన్నిటినీ కలిపేస్తోంది. ఆయన రూలు ప్రకారం వెళ్లకూడదు. ఆవిడ భయం ప్రకారం వెళ్లకూడదు. "మీరు చూడండి." "మీరే చూడండి." చివర్లో గోలు పడిందేమో, రెండు పడ్డాయేమో, ఆ ఆఖరి కేక ఎటుదో. లిస్బన్‌లో కూడా ఇంత భయం లేదు, అక్కడ తను ఆటలో ఉన్నాడు.

జిమ్ మూల తిరిగి హాసిని వచ్చింది. ఒక సాక్సు జారిపోయి, మోకాలినిండా బురద, జుట్టు ముఖానికి అతుక్కుని. ముఖం ఎర్రగా ఉంది, నవ్వో ఏడుపో తెలియడం లేదు. కారు ముందుకొచ్చి ఆగింది. ఆన్సెల్మో తలుపు తీసుకుని దిగాడు. ఏమైందని అడగలేదు. అడగాల్సింది వేరే ఉంది.

"మాట్లాడు" అన్నాడు.

హాసిని నోరు తెరిచింది. ఏమీ రాలేదు. గొంతు పట్టుకుని మళ్లీ ప్రయత్నించింది, బుస్సుమని గాలి వచ్చింది. నానమ్మ, అయ్యో గొంతు ఏమైందే, ఎవరైనా వేడినీళ్లు తెండి, అంటూ ఉండగా ఆ పిల్ల కుడిచేతి వేలు ఒకటి పైకెత్తి, ఎడమచేతి వేళ్లు సున్నా చుట్టి చూపించింది.

"ఇవాళ ఆడావు" అన్నాడు ఆన్సెల్మో. పోర్చుగీసులో అన్నాడు. ఎవరూ అర్థం అడగలేదు.